నీళ్లను అడిగి తేదీ పెట్టుకోండి

సికింద్రాబాద్ వాళ్లకు ప్రయాణమంటే టైంటేబులే. 1874లో స్టేషన్ వచ్చిన నాటి నుంచీ ఈ ఊరికి రైలే గడియారం. మెట్టుగూడ, లాలాగూడ, చిలకలగూడ ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఏ బండి ఎన్నింటికి బయల్దేరుతుందో ఎక్కాలతో పాటే వచ్చేసేది. సెలవులు ఎప్పుడో చూసుకోవడం, రెండు నెలల ముందే రిజర్వేషన్ చేయించడం, ముందురోజు రాత్రి పులిహోర కలిపి డబ్బాలకెత్తడం, తెల్లారేసరికి స్టేషన్‌లో ఉండడం. మనకు తెలిసిన పద్ధతి ఇది. రైలు ప్రయాణానికి ఇంతకు మించిన పద్ధతి లేదు కూడా.

జలాశయం మీద పడవ ప్రయాణానికి మాత్రం ఇది చాలదు. నవంబరులో లాంచీ హాయిగా సాగిపోయిన చోట ఏప్రిల్‌లో బండరాళ్లు తేలి ఉంటాయి. ఆగస్టులో అదే చోట ఎర్రటి వరద ఉరకలేస్తుంటుంది. సెలవు మన చేతిలో ఉంది, డబ్బు మన చేతిలో ఉంది, నీటిమట్టం మాత్రం మన చేతిలో లేదు. వానను నమ్ముకుని సేద్యం చేసిన మన తాతలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కార్తె వచ్చిందని విత్తనం మూట విప్పేవాళ్లు కాదు. పొలానికి వెళ్లి, మట్టి చేతిలోకి తీసుకుని, పదును చూశాకే విప్పేవాళ్లు. పడవ ప్రయాణానికి కావలసిన ప్రణాళిక ఆ తరహాది.

ఈ అధ్యాయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. ఎప్పుడు వెళ్లాలో తేల్చుకునే ముందు, ఏ పరిస్థితిలో వెళ్లకూడదో తేల్చుకోండి. దాన్ని కాగితం మీద రాయండి. డబ్బు కట్టక ముందే రాయండి.

రెండు చెరువులు, రెండు మట్టాలు

మన ఊరి నుంచి కృష్ణమ్మ మీద పడవ ప్రయాణం అనగానే తెలంగాణ పర్యాటక శాఖ నడిపే రెండు లాంచీలు గుర్తొస్తాయి. ఒకటి నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి, రెండోది కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి శ్రీశైలానికి. రెండూ నల్లమల కొండల మధ్య నుంచే వెళ్తాయి, రెండూ దాదాపు పగలంతా పట్టే ప్రయాణాలే, రెండూ మల్లన్న సన్నిధికే చేరతాయి. అందుకే చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

సోమశిల లాంచీ తిరిగేది శ్రీశైలం జలాశయంలో, అంటే ఆనకట్టకు ఎగువన. దానికి చూడాల్సింది శ్రీశైలం మట్టం. పూర్తిస్థాయి 885 అడుగులు. సాగర్ లాంచీ వచ్చి ఆగేది శ్రీశైలం ఆనకట్టకు దిగువన, లింగాలగట్టు దగ్గర. దానికి చూడాల్సింది సాగర్ మట్టం. పూర్తిస్థాయి 590 అడుగులు. శ్రీశైలం నిండిందని పేపర్లో చూసి సాగర్ లాంచీకి సిద్ధమైతే నిరాశ తప్పకపోవచ్చు. ఎగువన ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, తుంగభద్ర నిండి నీళ్లు వదిలితే ముందు శ్రీశైలం నిండుతుంది. ఆ తర్వాతే సాగర్ వంతు. తగ్గడంలోనూ శ్రీశైలానిది తొందరే. పోతిరెడ్డిపాడు, హంద్రీ-నీవా, కల్వకుర్తి ఎత్తిపోతల, రెండు గట్ల మీది విద్యుత్ కేంద్రాలు అన్నీ ఆ నీళ్ల మీదే ఆధారపడ్డాయి.

సాగర్ నిండుకు దగ్గరగా ఎందుకుండాలి? ఆనకట్ట దగ్గర లోతు ఎప్పుడూ ఎక్కువే. అందుకే నాగార్జునకొండ దీవికి వెళ్లే చిన్న లాంచీ ప్రయాణానికి, ముప్పావుగంటో గంటో పట్టేదానికి, మట్టం కొంత తగ్గినా ఇబ్బంది ఉండదు. ఎగువకు పోయే కొద్దీ జలాశయం సన్నబడి చివరికి రాతి ఏరు అయిపోతుంది. శ్రీశైలం ఆనకట్ట పాదాల దాకా వెనుక జలాలు నిలిస్తేనే పెద్ద లాంచీ అడుగు రాళ్లకు తగలకుండా అంత దూరం వెళ్లగలదు. అలాగని నిండగానే వెళ్లిపోవచ్చా అంటే అదీ లేదు. శ్రీశైలం గేట్లు ఎత్తి ఉన్నంత కాలం ఆ చివర ప్రవాహం భయంకరంగా ఉంటుంది. వరద తగ్గాలి, మట్టం మాత్రం తగ్గకూడదు. ఈ రెండూ కలిసొచ్చే రోజులు ఏడాదిలో కొన్నే.

ఆ రోజులు ఎప్పుడొస్తాయో తెలుసుకోవడానికి 2024 సంవత్సరాన్ని చూడండి. అంతకు ముందు ఏడు కృష్ణలో వరద సరిగా రాలేదు. 2024 వేసవికి సాగర్ 510 అడుగుల దగ్గరికి దిగిపోయింది. నగరానికి తాగునీటి కోసం పుట్టంగండి దగ్గర అత్యవసర పంపులు పెట్టాల్సి వచ్చింది. మన కుళాయిల్లో వచ్చే కృష్ణా నీళ్లు ఆ జలాశయానివే మరి. జులైలో కూడా అడుగంటి కనిపించిన సాగర్‌కు నెలాఖరులో శ్రీశైలం గేట్లు తెరవడంతో నీళ్లొచ్చాయి. ఆగస్టు 5న సాగర్ గేట్లే ఎత్తాల్సి వచ్చింది. శ్రీశైలం లాంచీలు మొదలైంది మాత్రం నవంబరు మొదట్లో. ఏప్రిల్‌లో ఆ జలాశయాన్ని చూసినవాడు ఈ ఏడాదికి పడవ ఆశ వదులుకునేవాడు. ఆగస్టు 5న చూసినవాడు మర్నాడే బ్యాగు సర్దుకునేవాడు. ఇద్దరి లెక్కా తప్పేది. ఒక్క రోజు మట్టాన్ని చూసి నిర్ణయం తీసుకోకూడదు. అది ఎటు పోతోందో చూడాలి.

పేపర్లో ఆ చిన్న పట్టిక

దినపత్రికల జిల్లా పేజీల్లో వానాకాలమంతా ఒక చిన్న పట్టిక వస్తుంది. జలాశయం పేరు, పూర్తిస్థాయి మట్టం, ప్రస్తుత మట్టం, నిల్వ, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో. మనలో చాలామంది దాన్ని దాటేసి సినిమా పేజీకి పోతాం. పడవ ప్రయాణం తలపెట్టిన ఇంట్లో ఒకరు, పదో తరగతి చదివే పిల్లైనా సరే, రోజూ దాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించాలి. లెక్క ఏమంత కష్టమైంది కాదు.

సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు. లక్ష క్యూసెక్కులు ఇరవై నాలుగు గంటలు పారితే 8.64 టీఎంసీలు. సాగర్ పూర్తి నిల్వ ఇప్పుడు 312 టీఎంసీలు. పూడిక పేరుకోకముందు 408 ఉండేది. నిండుకు దగ్గరలో ఒక్క అడుగు ఎత్తు అంటే సుమారు 3 టీఎంసీలు. ఈ మూడు అంకెలు గుర్తుంచుకుంటే చాలు.

ఊహకు ఒక రోజు తీసుకుందాం. సాగర్ మట్టం 580, ఇన్‌ఫ్లో లక్షన్నర, అవుట్‌ఫ్లో యాభై వేలు అని పట్టికలో ఉంది. నికరంగా లక్ష చేరుతోంది. అంటే రోజుకు దాదాపు మూడడుగులు. ఇంకా పది అడుగులు ఖాళీ ఉంది కాబట్టి మూడు నాలుగు రోజుల్లో నిండుతుంది, ఆ తర్వాత గేట్లు ఎత్తుతారు, అంటే ఇప్పట్లో లాంచీ లేనట్టే. ఇంకో రోజు తీసుకుందాం. నవంబరు నెల, మట్టం 588, ఇన్‌ఫ్లో ఏమీ లేదు, కుడి ఎడమ కాలువలు రెండూ నిండుగా పారుతున్నాయి. ఒక్కోటి 11,000 క్యూసెక్కులు. రెండూ కలిపి రోజుకు దగ్గరదగ్గర 1.9 టీఎంసీలు, అంటే మట్టం రోజుకు అరడుగు పైనే దిగుతుంది. పదిహేను రోజుల్లో తొమ్మిది పది అడుగులు పోతాయి. సంక్రాంతికి చూద్దాంలే అని వాయిదా వేసే ముందు ఈ లెక్క ఒక్కసారి వేసుకోండి.

విద్యుదుత్పత్తి, తాగునీళ్లు, రెండు రాష్ట్రాల మధ్య కృష్ణా బోర్డు తేల్చే విడుదలలు, ఇవన్నీ ఈ లెక్కను అటూ ఇటూ జరుపుతూ ఉంటాయి. మన అంచనా అంగుళం తప్పకుండా రావాలని లేదు. పెరుగుతోందా, దిగుతోందా, ఎంత జోరుగా అన్నది తెలిస్తే చాలు. ఎన్ని అడుగులుంటే లాంచీ నడుపుతారు, ఎన్నికి దిగితే ఆపేస్తారు అని బుకింగ్ కౌంటరులో సూటిగా అడిగి, ఆ అంకె నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. మిగతా అంకెలన్నీ దానితో పోల్చి చూసుకోవడానికే.

సాగర్ రేవులో నిలబడితే ఈ పట్టిక కళ్లకే కనిపిస్తుంది. అవతలి కొండ రాళ్ల మీద ఒక గీత ఉంటుంది. గీతకు పైన రాయి నల్లగా, నాచు పట్టి, తుప్పలతో ఉంటుంది. కింద నీళ్లు తాగి తాగి తెల్లబడి, చెట్టూ చేమా లేకుండా ఉంటుంది. మధ్యలో ఎండిన బురద పొరలు మెట్లు మెట్లుగా దిగుతాయి. ఒక్కో మెట్టూ నీళ్లు కొన్నాళ్లు ఆగిన చోటు. లాంచీ కట్టేస్తున్న పెద్దాయన్ని ఈ చార గురించి అడిగితే, "గా తెల్లగ కనవడుతుంది సూడు సారూ, దసరాకు నీళ్లు ఆడిదాంక ఉండె. ఇగ దినాం దిగుడే" అన్నాడు. ఆ మాటలో ఉన్న సమాచారం ఏ పట్టికకూ తీసిపోదు. రేవులో అడుగుపెట్టగానే ఫోటోలకు ముందు ఆ రాళ్ల వంక చూడండి, అక్కడ పనిచేసేవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడండి.

సెలవులు ఒకవైపు, నీళ్లు ఒకవైపు

పిల్లలున్న ఇంట్లో పెద్ద చిక్కు వేసవి సెలవులతో. సెలవులు దండిగా ఉన్నప్పుడు జలాశయంలో నీళ్లుండవు. కార్తీక మాసంలో మాత్రం అదృష్టం కలిసొస్తుంది. వరదలు తగ్గుముఖం పట్టి, మట్టం ఇంకా నిలిచి ఉండే కాలం సాధారణంగా అదే. శ్రీశైలంలో జనం కిటకిటలాడే కాలమూ అదే. గది దొరికాకే లాంచీ టికెట్ తీసుకోవాలి గానీ, టికెట్ ఉంది కదా గది ఎక్కడో దొరుకుతుందిలే అనుకోకూడదు. అక్టోబరులో నది శాంతంగా ఉంటుందన్న నమ్మకమూ పూర్తిగా పెట్టుకోవద్దు. 2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా తుంగభద్రలు ఏకమై కర్నూలును ముంచెత్తినప్పుడు శ్రీశైలం మట్టం 896 అడుగులు దాటింది. పూర్తిస్థాయి కన్నా పదకొండు అడుగులు ఎక్కువ.

అందుకే ఒక తేదీకి బదులు మూడు శనాదివారాలు అనుకోండి. ఇంట్లో అందరూ ఆ మూడింటినీ ఖాళీగా పెట్టుకోవాలి. మొదటిది కుదరకపోతే రెండోది, అదీ కాకపోతే మూడోది. ఆఫీసులో సెలవు అడగడం కొంచెం కష్టమే. ఉద్యోగులకు అది ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా మూడింట్లో ఒకటి దొరకడానికి ఉన్న అవకాశం, ఒకే తేదీని పట్టుకుని వేలాడితే ఉండదు.

ఇంకో సంగతి. ఏ నీళ్ల కోసం వెళ్తున్నామన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. సోమశిలకు అవతలి ఒడ్డున సంగమేశ్వరం ఉంది. సప్తనదీ సంగమమని పేరు. ఆలయం ఏడాదిలో ఎక్కువ కాలం శ్రీశైలం జలాశయంలోనే మునిగి ఉంటుంది. మట్టం 840 అడుగుల చుట్టుపక్కలకు దిగాక గానీ వేపచెక్క లింగం దర్శనం దొరకదు. అమ్మమ్మకు సంగమేశ్వరుడి దర్శనం కావాలి, మనవలకు నల్లమల మధ్య లాంచీ షికారు కావాలి. మొదటిదానికి నీళ్లు తగ్గాలి, రెండోదానికి నీళ్లు నిండాలి. ఒకే ప్రయాణంలో రెండూ దొరకవు. కార్తీకంలో లాంచీ, ఎండలు ముదిరే ముందు సంగమేశ్వరం అని రెండు ప్రయాణాలుగా విడగొడితే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. ఒకరి కోరిక కోసం రెండోవాళ్లను సరిపెట్టుకోమనడం కన్నా ఇదే మంచిది.

పడవలోనే రాత్రి నిద్ర చేయాలన్న ముచ్చట ఉన్నవాళ్లు కోనసీమలోని దిండి వెళ్లాలి. అక్కడ వశిష్ఠ గోదావరి మీద ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ హౌస్‌బోట్లు ఉన్నాయి. నర్సాపురం వైపు వెళ్లే రైలెక్కి పాలకొల్లులో దిగి, చించినాడ వంతెన దాటితే దిండి. సముద్రం దగ్గరే కాబట్టి అక్కడ నీళ్లు రోజుకు రెండుసార్లు పెరుగుతాయి, రెండుసార్లు తగ్గుతాయి. పౌర్ణమి, అమావాస్యలకు ఆ తేడా మరీ ఎక్కువ. వెన్నెల్లో పడవ అని పౌర్ణమి ఎంచుకునేవాళ్లు పోటు ఏ వేళకు, పాటు ఏ వేళకు అని అడిగి, ఎక్కే వేళా దిగే వేళా దాన్ని బట్టి పెట్టుకోవాలి. ముఖ్యంగా మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే. వానాకాలంలో గోదావరి ప్రయాణానికి భద్రాచలం మట్టం చూడండి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో అది 71 అడుగులు దాటింది. భద్రాచలంలో ఇవాళ పెరిగిన నీళ్లు ఒకటి రెండు రోజుల్లో ధవళేశ్వరం చేరి, అక్కడి నుంచి పాయల్లోకి దిగుతాయి. ఆ వ్యవధి మనకు దొరికే ముందస్తు కబురు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు హౌస్‌బోటు అనగానే అరిజోనా, యూటా సరిహద్దులోని లేక్ పావెల్ పేరు చెబుతారు. కొలరాడో నదిపై గ్లెన్ కాన్యన్ ఆనకట్ట వెనక ఉన్న ఆ జలాశయం పూర్తిస్థాయి 3,700 అడుగులు. వరుస కరవులతో 2023 తొలి నెలల్లో అది 3,520 చుట్టుపక్కలకు పడిపోయింది. పడవలు దించే ర్యాంపులు నీళ్లకు అందక కొన్ని మూతబడ్డాయి. అక్కడికి వెళ్లేవాళ్లు పడవ అద్దె ఎంత అని అడిగే ముందు ఏ ర్యాంపు తెరిచి ఉంది అని అడగాలి. సాగర్‌కూ దానికీ సముద్రాలు అడ్డమున్నా, అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకే తీరు.

"ఇంత దూరం వచ్చి ఊరికే పోతామా?"

పడవ ప్రయాణాల్లో నాకు అన్నిటికన్నా భయం కలిగించే మాట ఇది. తెల్లవారుజామున లేచి, పిల్లల్ని లేపి, నూట యాభై కిలోమీటర్లు వచ్చి రేవులో నిలబడ్డాక, గాలి లేచినా, నీళ్లు ఎర్రబడినా, వెనక్కి తిరగడానికి మనసొప్పదు. ఎవరో ఒకరు ఈ మాట అంటారు. మిగతావాళ్లు సరేనంటారు.

2019 సెప్టెంబరు 15 ఆదివారం. పాపికొండలు చూడటానికి దేవీపట్నం దగ్గరి గండి పోచమ్మ గుడి నుంచి 77 మందితో బయల్దేరిన పర్యాటక బోటు కచ్చులూరు దగ్గర సుడిలో మునిగిపోయింది. 26 మందే బతికి బయటపడ్డారు. ఆ రోజు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. పోయినవాళ్లలో హైదరాబాద్, వరంగల్ వాళ్లు చాలామంది. వాళ్ల తప్పేమీ లేదు. అంత వరదలో బోటు నడిపినవాళ్లది, నడవనిచ్చినవాళ్లది ఆ బాధ్యత. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టింది. నియమాలు కట్టుదిట్టమయ్యాయి, అవి ఉండాలి. ఎంత వ్యవస్థ ఉన్నా, ఎక్కను అనే హక్కు ప్రయాణికుడి దగ్గర ఉండే చివరి రక్షణ. దాన్ని వాడుకోవడానికి రేవులో ధైర్యం చాలదు, ఇంటి దగ్గరే సిద్ధపడి రావాలి.

కాగితం మీద రాయమన్నది ఇందుకే. మూడు నాలుగు వాక్యాలు చాలు. ఎగువ గేట్లు తెరిచి ఉంటే వెళ్లం. నది వరద హెచ్చరికలో ఉంటే వెళ్లం. వాతావరణ శాఖ ఈదురుగాలులు అని చెబితే ఆ రోజు వెళ్లం. మనిషికొక లైఫ్‌జాకెట్, పిల్లలకు పిల్లల కొలతది లేకపోతే ఎక్కం. ఈ కాగితాన్ని ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ల చేత చదివించాలి. మన ఇళ్లలో మామగారు "పదండి, ఏం కాదు" అన్నాక కోడలు వద్దనలేదు. కాబట్టి ముందురోజు రాత్రి భోజనాల దగ్గరే ఆయనకు అప్పజెప్పాలి. "మామయ్యగారూ, రేపు రేవు దగ్గర గాలి ఎక్కువుంటే ఎక్కొద్దు అనుకున్నాం కదా, ఆ మాట మీరే చెప్పాలండీ అందరికీ." "అట్లాగే అమ్మా, నేను చెప్తాను." ఆ రెండు మాటలతో పెద్దాయన గౌరవం ఆ నియమానికి కాపలాగా నిలబడుతుంది. మర్నాడు ఎవరు తొందరపెట్టినా ఆపేది ఆయనే.

ప్రయాణం ఆగితే ఏం చేయాలన్నది కూడా ఆ కాగితంలోనే ఉండాలి. వెనక్కి తిరగడం పిల్లలకు శిక్షలా అనిపించకూడదు. సాగర్‌లో దీనికి కొదవ లేదు. గాలి తగ్గాక నాగార్జునకొండ చిన్న లాంచీ దొరకవచ్చు. దీవి మీది మ్యూజియానికి శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి. 1954 నుంచి 1960 దాకా తవ్వకాల్లో బయటపడిన ఇక్ష్వాకుల నాటి శిల్పాలు ముంపు నుంచి తప్పించి అక్కడ భద్రపరిచారు. జలాశయం కింద ఒక నగరం ఉందని పిల్లలకు చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. పడవ అక్కర్లేకుండా చూడదగ్గవి నందికొండలోని బుద్ధవనం, అవతలి గట్టున అనుపు, చంద్రవంక వాగు మీద 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ఎత్తిపోతల.

లాంచీ ఎక్కాక

2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర లాంచీ మునిగింది. అందులో ఉన్నది ఏజెన్సీ జనం. వాన పడుతోందని తలుపులూ కిటికీలూ మూసుకుని లోపల కూర్చున్నారు. గాలికి లాంచీ ఒరిగాక బయటికి రాలేకపోయారు. వాన పడ్డా, ఏసీ ఉందన్నా, తలుపులన్నీ బిగించిన గదిలో అందరూ కూర్చోవద్దు. తలుపు ఎటు తెరుచుకుంటుందో ఎక్కగానే చూసుకోండి. దానికి నాలుగు రోజుల ముందే, అదే మండలంలో, వందమందికి పైగా పర్యాటకులున్న బోటుకు మంటలంటుకున్నాయి. సరంగు ఒడ్డుకు చేర్చడంతో అందరూ బతికిపోయారు. మన హుస్సేన్‌సాగర్ మీదే 2025 జనవరి 26 రాత్రి బాణసంచాతో పడవలు తగలబడ్డాయి. నీళ్ల మీద నిప్పు ఒడ్డు మీద నిప్పు కన్నా ప్రమాదం, పరుగెత్తడానికి చోటుండదు. కాబట్టి చిన్న స్టవ్, పుట్టినరోజు కొవ్వొత్తులు, హారతి కర్పూరం ఇంటి దగ్గరే వదిలేయండి. భోజనం చల్లారినా చెడనిది తీసుకెళ్లండి. పులిహోర, దద్దోజనం, చపాతీలు, మాగాయ. మన వంటలు పడవకే పుట్టినట్టుంటాయి.

పడవకు రిజిస్ట్రేషన్, తనిఖీ సర్టిఫికెట్ ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడొద్దు. 2021 అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం యంత్రంతో నడిచే పడవకు అవి ఉండి తీరాలి. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర కృష్ణలో తిరగబడి ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసిన పడవకు అనుమతే లేదు. ఎంతమందిని ఎక్కించాలో లాంచీ గోడ మీద రాసి ఉంటుంది. ఎక్కినవాళ్లను లెక్కపెట్టండి. జింక కనిపించిందని, మొసలి కనిపించిందని అందరూ ఒకే పక్కకు పరుగెత్తకుండా పిల్లలకు ముందే చెప్పండి. నల్లమల మధ్యలో ఫోన్లు పలకవు. ఎన్నింటికి ఎక్కాం, ఎన్నింటికి దిగుతాం అన్నది ఊళ్లో ఉన్న ఒకరికి చెప్పి వెళ్లండి. బీపీ, షుగర్ మందులు పెద్ద సంచీ అడుగున పెట్టకండి, జేబులో ఉంచుకోండి. ప్లాస్టిక్ కవర్లు నీళ్లలో పడేయడం మన కుళాయిలో మనం పడేసుకోవడమే.

శ్రీశైలం నుంచి రోడ్డు మీద తిరిగొచ్చేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి 9 నుంచి తెల్లవారి 6 వరకు వాహనాలను వదలరు. లాంచీ ఆలస్యంగా చేరితే, దర్శనంలో పొద్దుపోతే, ఆ రాత్రి కొండ మీదే ఉండిపోయేలా గది ముందే తీసుకోండి. మన్ననూరు చెక్‌పోస్టు మూసేలోగా దాటాలని చీకట్లో ఘాట్ రోడ్డు మీద కారు తరమకండి.

రేపటి పేపరు వచ్చాక ఆ పట్టిక మీ ఇంట్లో ఎవరు రాసుకుంటారో ఇవాళే తేల్చండి. రేవులో లైఫ్‌జాకెట్లు పంచేటప్పుడు మీ జట్టులో ఒక్కరికి తక్కువైనా, అది చివరి వరసలో నిద్రపోతున్న చంటిబిడ్డకే అయినా, అందరూ కలిసి దిగిపోండి.